గుండె ర్యాంకుల అకాడమీ

ఉమామహేశ్వరంగారు హైదరాబాదులో జరిగిన సదస్సుకు వెళ్ళి రాకముందు కూడా కాకినాడ పిల్లలకు గుండెలుండేవి. కాకపోతే వాటిని ఎవరూ పట్టించుకునేవారు కాదు. గుండెల పని గుండెలు చూసుకునేవి, పిల్లల పని పిల్లలు చూసుకునేవారు.

సదస్సు నుంచి ఆయన ఒక జ్ఞాపిక, ఒక జనపనార సంచి, ఒక పరిశోధన వ్యాసం తెచ్చారు. జ్ఞాపికను ఆఫీసు బీరువా మీద పెట్టారు. సంచిని వాళ్ళావిడ కూరలకు తీసేసుకుంది. వ్యాసాన్ని ఎవరూ అడగకపోవడంతో దాన్ని అమలు చెయ్యాల్సి వచ్చింది.

ఆయన సాగరతీర టేబుల్ టెన్నిస్ అకాడమీకి డైరెక్టరు. అంతకుముందు గిడ్డంగుల శాఖలో బస్తాలు లెక్కపెట్టించి పదవీ విరమణ చేశారు. బస్తాలకూ పిల్లలకూ పెద్ద తేడా ఏమీ లేదనీ, కాకపోతే బస్తాలకు తల్లిదండ్రులు ఉండరనీ ఆయన అభిప్రాయం.

వ్యాసంలో తప్పేమీ లేదు. ఎదిగే పిల్లలు టేబుల్ టెన్నిస్ ఆడాలంటే చేతివాటం ఒక్కటే చాలదు, దమ్ము కూడా ఉండాలి. అందుకోసం కాసేపు గట్టిగా పరిగెత్తించి, కాసేపు తేరుకోనిచ్చి, మళ్ళీ పరిగెత్తించాలి. దీన్ని ఇంటర్వెల్ శిక్షణ అంటారు. కొన్ని వారాలు ఇలా చేస్తే ఊపిరి నిలుస్తుంది, గుండె గట్టిపడుతుంది. ఇంతే అందులో ఉన్నది. తప్పు లేని విషయానికి ఆఫీసులోకి వెళ్ళాక ఏమవుతుందో తెలుసుకోవడానికి తల్లిదండ్రులందరినీ ఆదివారం సమావేశానికి పిలిచారు.

హైమావతి రెండో వరసలో కూర్చుంది. ఆవిడ కూతురు మైథిలి తొమ్మిదో తరగతి. అకాడమీలో ఆ పిల్లను ఓడించినవాళ్ళు లేరు.

"గౌరవనీయులైన తల్లిదండ్రులారా! ఇందుమూలంగా తెలియజేయడమేమనగా, నేటి నుండి మన అకాడమీ నందు సమగ్ర హృదయ స్పందన లక్ష్య సాధన పథకం అమలులోకి వచ్చుచున్నది," అన్నారు డైరెక్టరుగారు. ఆయన మైకు ముందు మాట్లాడినా మెమో జారీ చేసినట్టే ఉంటుంది. "ప్రతి క్రీడాకారుని ఛాతీకి ఒక పట్టీ కట్టబడును. గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకొనుచున్నదీ గోడ మీది తెరపై కనబడును. నూట అరవై దాటినవారు ఉత్తీర్ణులు. రాష్ట్ర పోటీలకు మన జిల్లా జట్టును ఇకపై ఈ అంకె ప్రకారమే ఎంపిక చేయుదుము."

కోచ్ ఇమ్మానుయేల్ మాస్టారు లేచాడు. "సార్, ఆ వ్యాసంలో మధ్యమధ్యలో పిల్లల్ని తేరుకోనివ్వాలని కూడా ఉందండి."

"ఉంది. చదివాను. పిల్లలు ఊరికే నుంచున్న సమయానికి కరెంటు, ఫ్యాన్లు, మీ జీతం ఏ పద్దు కింద రాయమంటారు? రేపు ఆడిట్ వాళ్ళొచ్చి వీళ్ళెందుకు నుంచున్నారని అడిగితే, శాస్త్రం అని చెప్తే ఊరుకుంటారా? విశ్రాంతి భాగాన్ని తాత్కాలికంగా నిలుపుదల చేశాం. నిధులు రాగానే విశ్రాంతి మంజూరు చేస్తాం."

డిగ్రీలో జువాలజీ చదివి, కప్ప గుండెను ట్రేలో పిన్నులు గుచ్చి చూసిన హైమావతికి చిన్న సందేహం వచ్చింది. "గుండె గట్టిపడ్డకొద్దీ అదే పనికి తక్కువసార్లు కొట్టుకుంటుంది కదండీ? మరి ఎక్కువ కొట్టుకున్నవాళ్ళకి ఎక్కువ మార్కులేమిటి?"

డైరెక్టరుగారు జాలిగా నవ్వారు. "అమ్మా, ఏ శాఖలోనైనా సాధించిన అంకె ఏటేటా పెరగాలి. తగ్గితే దాన్ని వెనుకబాటు అంటారు. ఇది గుండెకు కూడా వర్తిస్తుంది."

చప్పట్లు మోగాయి. హైమావతి కూడా కొట్టింది. ఆవిడకు చప్పట్లు కొడుతూ ఆలోచించుకోవడం అలవాటు.

*

మైథిలి ఆట చూస్తే ఆడుతున్నట్టు ఉండదు. టేబులు దగ్గర నుంచుని, పెనం మీద అట్టు తిరగేస్తున్నంత తీరిగ్గా బ్యాటు అడ్డం పెడుతుంది. అవతలివాళ్ళు ఎంత బలంగా కొట్టినా బంతి ఇవతల చచ్చి, అవతల ఎక్కడో మూల లేచి కూర్చుంటుంది. ఆ మూలకి వాళ్ళు పరిగెత్తేసరికి తర్వాతి బంతి ఈ మూల. పాయింటు అయ్యాక అవతలి పిల్ల మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని రొప్పుతుంటే, మైథిలి జడ ముందుకు వేసుకుని రబ్బరుబ్యాండు సరిచేసుకుంటూ ఉంటుంది.

మొదటి పరీక్షలో ఆ పిల్ల ఆరుగురితో ఆడి ఆరుగురినీ ఓడించింది. గోడ మీది తెరపై ఆవిడగారి గుండె నూట నాలుగు.

మర్నాటికల్లా మెయిన్‌రోడ్డు మలుపులో ఫ్లెక్సీ లేచింది. కార్పొరేట్ కాలేజీల ర్యాంకుల ఫ్లెక్సీల మధ్య ఇది కూడా బాగానే ఒదిగిపోయింది. "గుండె ఫలితాల్లో సాగరతీర ప్రభంజనం! 198! 196! 195! 191!" అని, ఒక్కో అంకె కింద ఒక్కో పిల్ల ఫొటో. ఫొటోల్లో అందరి నోళ్ళూ తెరిచే ఉన్నాయి. ఊపిరి అందక.

నూట తొంభై ఎనిమిది పక్కింటి నాగరత్నం కూతురు లాస్యది. నాగరత్నం పళ్ళెంలో కాజాలు పెట్టుకుని వచ్చింది.

"మా లాస్యకి స్టేట్ ఫస్టేనంట వదినగారూ! డైరెక్టరుగారే ఫోన్ చేసి చెప్పారు. ఇంకో రెండొస్తే డబుల్ సెంచరీ అంట. మరి మైథిలికెంతొచ్చిందండీ?"

"నూట నాలుగు."

నాగరత్నం చేతిలో కాజా ఆగిపోయింది. "అయ్యో రామ! ఫెయిలా? అంత బాగా ఆడే పిల్లకి ఇదేం ఖర్మండీ! దిగులుపడకండి, ఇంప్రూవ్‌మెంట్ ఉంటాదేమో కనుక్కోండి. మా ఆడపడుచు వాళ్ళ వీధిలో గుండె కోచింగని కొత్తగా పెట్టారంట. ఊరికే అరుస్తారంట పిల్లల మీద, తెల్లారగట్ట నుంచీ."

హైమావతి కాజా తిని బాగుందంది. రెండోది మాత్రం తీసుకోలేకపోయింది.

ఎందుకంటే వచ్చే ఏడు మైథిలికి పదో తరగతి. ఆ ఊళ్ళో పదో తరగతి అంటే బ్యాట్లు, వయొలిన్లు, గజ్జెలు అన్నీ అటకెక్కే సంవత్సరం. మైథిలి నాన్న కామేశ్వర్రావు బ్యాంకులో పనిచేస్తాడు, ఏ విషయమైనా వాయిదాల పద్ధతిలో ఒప్పుకుంటాడు. "ఈసారి పోటీలయ్యాక రాష్ట్ర జట్టులో చోటొస్తే ఆడుకోనిద్దాం. రాకపోతే బ్యాటు అటక మీద, పిల్ల స్టడీ అవర్లో. సరేనా?" అన్నాడు. హైమావతి సరేనంది. అప్పటికి గుండెలకు ర్యాంకులు లేవు మరి. రాష్ట్ర జట్టులో చోటు రావాలంటే ముందు జిల్లా తరఫున ఆడాలి. జిల్లా తరఫున ఆడాలంటే నూట అరవై దాటాలి.

ఆవిడ అకాడమీకి వెళ్ళి అడిగింది.

"మా అమ్మాయి మీ నలుగురు టాపర్లనీ ఓడించిందండి."

"కాదనడం లేదు," అన్నారు డైరెక్టరుగారు, ఫైలు మూసి. "కాని గెలుపు అనేది కేవలం ఫలితం. మేము ప్రక్రియను పరిశీలిస్తాం. ప్రక్రియలో మీ అమ్మాయి ఏమాత్రం శ్రమపడినట్లు రికార్డు లేదు. శ్రమ లేకుండా గెలవడమంటే, క్షమించాలి, అక్రమార్జన లాంటిది. తెర ప్రకారం మీ అమ్మాయి జడ హృదయ కేటగిరీలోకి వస్తుంది."

బయటికి వచ్చాక ఇమ్మానుయేల్ మాస్టారు మెట్ల దగ్గర పట్టుకున్నాడు. "మైథిలి లాంటి పిల్ల మళ్ళీ దొరకదండి. కాని నన్నూ తెర చూసి మార్కులెయ్యమంటున్నారు. మొన్న నాకూ కట్టారండి పట్టీ. డెబ్బై వచ్చింది. సంజాయిషీ అడిగారు."

*

ఇంట్లో గుండెను లేపే కార్యక్రమం మొదలైంది. ఇమ్మానుయేల్ మాస్టారు ఒక పట్టీ అరువిచ్చాడు.

హైమావతి ముందు డికాక్షన్ చిక్కగా తీసి కాఫీ ఇచ్చింది. మైథిలి తాగి, ఇంకొంచెం పంచదార వెయ్యాల్సింది అంది. అపార్ట్‌మెంటు మెట్లన్నీ ఎక్కి దిగమంది. పిల్ల ఎక్కి దిగి, మూడో అంతస్తు మామ్మగారు వడియాలు పెడుతుంటే ఓ చెయ్యి వేసి, తాపీగా వచ్చింది. ఫోన్ తెరలో తొంభై ఎనిమిది.

"అదేంటే, మెట్లెక్కితే ఇంకా తగ్గింది?"

"మామ్మగారు పాత సినిమా కథ చెప్తోందమ్మా. హాయిగా ఉంది."

తర్వాత భయం. తలుపు చాటు నుంచి భౌ అంది. మైథిలి పుస్తకంలోంచి తలెత్తి, "అమ్మా, పాలు పొంగుతున్నాయి," అంది. పాలు నిజంగానే పొంగాయి. లెక్కల మాస్టారు ఫోన్ చేశారని అబద్ధం చెప్పింది. "ఎన్నొచ్చాయట?" అని అడిగి, ఎన్ని చెప్పినా, "పోన్లే, పోయినసారి కంటే నయం," అంది ఆ పిల్ల.

"నీకసలు కంగారనేదే రాదుటే?"

"దేనికి కంగారు?"

"జట్టులో చోటు రాకపోతే?"

మైథిలి రబ్బరుబ్యాండు తీసి మళ్ళీ పెట్టుకుంది. "రాకపోతే బ్యాటు అటకెక్కుతుంది. తెలుసు. అందుకే ఇప్పుడు ఆడినన్ని రోజులూ బాగా ఆడుతున్నా."

పట్టీ అప్పుడు హైమావతి ఛాతీకి ఉంది, సరిగ్గా పనిచేస్తోందో లేదోనని పిల్ల దగ్గర తీసి తనే కట్టుకుంది. ఫోన్లో అంకె నూట నలభై దాటింది. ఆవిడ చప్పున విప్పేసి, పొయ్యి తుడిచే పనిలో పడింది.

*

ఈలోగా అకాడమీకి ఓ చిక్కు వచ్చింది. రోజూ విశ్రాంతి లేకుండా పరిగెత్తించినా పిల్లలు పిల్లలే కాబట్టి కొంచెం గట్టిపడ్డారు. గట్టిపడ్డకొద్దీ అంకెలు దిగడం మొదలెట్టాయి. టాపర్లకు నూట ఎనభై, నూట డెబ్బై అయింది. డైరెక్టరుగారు అత్యవసర సమావేశం పెట్టి, "పిల్లల ఫిట్‌నెస్ ఆందోళనకర స్థాయిలో పడిపోతున్నది," అన్నారు. ఫ్లెక్సీ మీది అంకెల మీద కొత్త అంకెలు అతికించాల్సి వస్తుందేమోనని తల్లులకు రాత్రుళ్ళు నిద్ర పట్టలేదు.

ఒకరోజు లాస్య, అనుకోకుండా మైథిలితో ఒక గేమ్ ఆడింది. ఆ మూలకీ ఈ మూలకీ పరిగెత్తి పరిగెత్తి, టేబులు మీద పడి, పిల్లను తీసుకెళ్ళడానికి వచ్చిన హైమావతితో, "చంపేసింది ఆంటీ! నూట తొంభై ఏడు!" అని ఆనందంగా అరిచింది.

ఆ సాయంత్రమే నాగరత్నం వచ్చింది. "వదినగారూ, మా లాస్యని రోజూ ఓ పావుగంట పరిగెత్తించమనండి మీ మైథిలిని. మీరేం అనుకోనంటే... మాకే ముందు."

మర్నాడు గుమ్మం ముందు నాలుగు స్కూటర్లు. ఎవరి పిల్లకు అంకె తగ్గినా మైథిలి దగ్గరికి తెచ్చేవారు, పిండి మరకు బియ్యం తెచ్చినట్టు. మైథిలి అందరితోనూ ఆడేది, అందర్నీ ఓడించేది. ఓడినవాళ్ళు దండాలు పెట్టి వెళ్ళేవారు. ర్యాంకులన్నీ మళ్ళీ పైకి లేచాయి. జాబితా అడుగున మైథిలి ఒక్కతే మిగిలింది, నూట నాలుగుతో.

హైమావతి ఇదంతా చూసింది. క్రీడల శాఖ కమిషనరుగారు తనిఖీకి వచ్చే రోజు, మైథిలికి తలంటి పోసి, పప్పుచారు, అప్పడాలతో అన్నం పెట్టి, "ఇవాళ పడుకోవే అమ్మా," అంది.

తనిఖీలో అకాడమీ సగటు గుండె ఎంత దిగిందంటే, కమిషనరుగారు, "ఇది శిక్షణ కేంద్రమా, ధ్యాన మందిరమా?" అన్నారు.

అదే సాయంత్రం డైరెక్టరుగారు స్వయంగా ఇంటికి వచ్చారు. కాఫీ వద్దన్నారు. గుండె దడగా ఉందన్నారు. మరి మీకు ర్యాంకు రావాలి కదండీ అని హైమావతి అనలేదు. అనాలనిపించింది.

"మీ అమ్మాయి సహకారం లేనిదే లక్ష్యాలు నెరవేరని పరిస్థితి ఏర్పడియున్నది," అన్నారు ఆయన. "రాష్ట్ర పోటీలకు ఒంగోలు వెళ్తున్నాం. మ్యాచ్‌కి ముందు పిల్లల గుండెలు లేపడానికి మీ అమ్మాయి కావాలి."

"జట్టులో తీసుకోండి. వస్తుంది."

"నూట అరవై లేనివారిని క్రీడాకారులుగా తీసుకోవడానికి నిబంధనలు ఒప్పవు."

"అయితే ఎలాగండి మరి?"

ఆయన కాసేపు సీలింగు చూశారు. ముఖం వెలిగింది. గిడ్డంగుల శాఖ రోజులు గుర్తొచ్చినట్టున్నాయి. "పరికరంగా తీసుకోవచ్చు! క్రీడా పరికరానికి గుండె పరిమితి ఏమీ లేదు. నెట్లు, బంతులు, ఛాతీ పట్టీలతో పాటు స్టాకు రిజిస్టర్లో ఎక్కిస్తాం. హృదయ ఉత్తేజక పరికరం, సజీవం, సంఖ్య ఒకటి, స్థితి పనిచేయుచున్నది."

కామేశ్వర్రావు పేపరు దించాడు. "మా అమ్మాయిని స్టాకులో రాస్తారా?"

"గౌరవంగానే రాస్తామండి. ఎర్రసిరాతో."

"మరి నాకు కవరు కప్పి, దుమ్ము దులుపుతారా అంకుల్?" అని అడిగింది మైథిలి, నిజంగానే తెలుసుకోవాలని.

కామేశ్వర్రావు ఏదో అనబోయాడు. హైమావతి ఆయన మోచేతిని పట్టుకుంది. ఏ పేరుతోనైనా సరే, ముందు పిల్ల ఒంగోలు చేరాలి. "పరికరం వెంట తల్లి కూడా వస్తుందండి," అంది. "విడి భాగాల కింద రాసుకోండి."

*

ఒంగోలులో రెండో రోజు పొద్దున్న టిఫిన్ల వరసలో హైమావతికి పొరుగు జిల్లా జట్టు మేనేజరు దమయంతి తగిలింది. ఓ ప్రభుత్వ పాఠశాలలో డ్రిల్లు టీచరు. కళ్ళల్లో నీళ్ళొక్కటే తక్కువ.

"నలుగురిలో ఒక పిల్లకి కామెర్లండి. ముగ్గురితో జట్టుని పోటీలో ఉంచరట. ఇంత దూరం వచ్చి, ఆడకుండా పోవాలి."

"మా జిల్లా దగ్గర ఒక పరికరం ఉందండి," అంది హైమావతి, పచ్చడి వేసుకుంటూ. "వాడకంలో లేనప్పుడు అరువిస్తారేమో అడగండి. మా డైరెక్టరుగారికి కాగితం మీద అడిగితే ఇష్టం."

దమయంతి ముందు అర్థం కానట్టు చూసింది. తర్వాత అటు టేబులు దగ్గర లాస్యకు చెమట్లు పట్టిస్తున్న మైథిలిని చూసింది. ఇడ్లీ ప్లేటు అక్కడే పెట్టేసి పరిగెత్తింది.

పరికరం అరువు కావాలని దమయంతి రాసిచ్చిన ఇండెంటు చదివి డైరెక్టరుగారు ముచ్చటపడ్డారు. అంతర్ జిల్లా వనరుల భాగస్వామ్యం కింద అకాడమీకి అదనపు మార్కులుంటాయి. "పరికరాన్ని దేనికి వినియోగిస్తారు?"

"ఆడటానికి సార్."

"దేనికైనా మాకు అభ్యంతరం లేదు. పగలకుండా, విరగకుండా, పోటీలు ముగియగానే తిరిగి ఇవ్వాలి." సంతకం పెట్టి ముద్ర వేశారు. నిర్వాహకులు కూడా ఏమీ అనలేదు. ఆ పిల్ల పేరు ఏ జిల్లా క్రీడాకారుల్లోనూ లేదు, చేతిలో ముద్ర ఉన్న కాగితం ఉంది. ముద్ర ఉన్న కాగితంతో వాదించేంత తీరిక పోటీలు నిర్వహించేవాళ్ళకు ఉండదు.

సెమీఫైనల్లో రెండు జిల్లాలూ ఎదురుపడ్డాయి. ఇటు లాస్య. అటు మైథిలి, పొరుగు జిల్లా చొక్కాలో. చొక్కా కామెర్ల పిల్లది, రెండు సైజులు పెద్దది.

డైరెక్టరుగారు మ్యాచ్ చూడటం లేదు. ఒళ్ళో తెర పెట్టుకుని లాస్య గుండెను చూస్తున్నారు.

"నూట తొంభై! బాగు బాగు! నూట తొంభై ఆరు!"

"సార్, పది రెండండి," అన్నాడు ఇమ్మానుయేల్ మాస్టారు.

"ఏమిటి రెండు?"

"మన స్కోరు."

"అది వదిలెయ్యండి. ఇటు చూడండి, నూట తొంభై తొమ్మిది! అమ్మా లాస్యా, ఇంకొక్కటి, ఇంకొక్కటి!"

మైథిలి బ్యాటు అడ్డం పెట్టింది. బంతి మూలకి పోయింది. లాస్య పరిగెత్తి, జారి, లేచి, బంతి తప్పి, నేల మీద కూర్చుండిపోయింది.

"రెండు వందలు!" డైరెక్టరుగారు కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టారు. "రాష్ట్ర చరిత్రలో ప్రథమం!"

"ఓడిపోయామండి సార్."

"ఓడితేనేం ఇమ్మానుయేలుగారూ! ఎంత సమర్థంగా ఓడామో చూడండి!"

మిగతా ముగ్గురు టాపర్లు కూడా అంతే సమర్థంగా ఓడారు. నేల మీద కూర్చున్న లాస్యకు మైథిలి నీళ్ళ సీసా అందించింది. లాస్య తాగి, ఊపిరి అందాక, "ఒక్క ఐదు నిమిషాలు ఇలాగే కూర్చోనా? ఎవరూ లెమ్మనట్లేదు కదా?" అంది. అక్కడ హైమావతికి నవ్వు రాలేదు.

సాయంత్రం ఫైనల్ కూడా గెలిచి, పొరుగు జిల్లా కప్పు పట్టుకుంది. మైథిలి మెడలో బంగారు పతకం పడింది. రాష్ట్ర జట్టు ఎంపిక మాత్రం వారం తర్వాత ప్రకటిస్తామన్నారు.

"పొరుగు జిల్లా తరఫున గెలిస్తే లెక్కలోకి వస్తుందంటావా?" అని కామేశ్వర్రావు ఫోన్లో అడిగాడు.

"ఏమోనండి," అంది హైమావతి. "అటక మాత్రం ఇంకా తుడవకండి."

*

కమిషనరుగారు ఒకే ఒక్క ప్రశ్న వేశారు. "పరికరం గెలిచి క్రీడాకారులు ఓడిపోవడమేమిటి?"

దీని మీద ఏకసభ్య విచారణ సంఘం ఏర్పడింది. సభ్యుడు ఉమామహేశ్వరంగారే. ఆయన ఎవరినీ నొప్పించకుండా విచారించి నివేదిక ఇచ్చుకున్నారు. ఓడినవారి గుండె రెండు వందలు. గెలిచినవారి గుండె నూట నాలుగు. కావున తక్కువ గుండెయే విజయ రహస్యమని తేలడమైనది. పాత పథకం రద్దు. దాని స్థానంలో సంపూర్ణ హృదయ ప్రశాంతత పథకం. నూట పది దాటినవారు అనుత్తీర్ణులు.

ఇంటర్వెల్ శిక్షణలో ఇంతకాలం నిలుపుదల చేసిన విశ్రాంతి భాగాన్ని ఒక్కసారిగా పూర్తిగా విడుదల చేశారు. పరుగు భాగాన్ని నిలుపుదల చేశారు. హాల్లో టేబుళ్ళు గోడకు జరిపి చాపలు పరిచారు. బంతి చప్పుడు వింటే పిల్లల గుండెలు ఉలిక్కిపడుతున్నాయని బంతులు బీరువాలో పెట్టి తాళం వేశారు. ఇమ్మానుయేల్ మాస్టారికి విసనకర్రలు ఇచ్చారు.

నాగరత్నం కూతురికి కొత్త దిండు కుట్టించింది. "మా లాస్యకి అరవై రెండు వదినగారూ! చాప మీద వాలగానే గురకే. మళ్ళీ ఫస్టే!" అంది. లాస్య మాత్రం ఈ పథకం పాతదానికంటే నయమని ఒప్పుకుంది.

పథకానికి స్ఫూర్తి మైథిలి కాబట్టి సన్మాన సభ పెట్టారు. కమిషనరుగారు వచ్చారు. చాపల మీద పిల్లలు, కుర్చీల్లో తల్లిదండ్రులు, అందరూ గుసగుసల్లోనే మాట్లాడుకోవాలని నోటీసు. మైథిలిని వేదిక మీద కూర్చోబెట్టి ఛాతీ పట్టీ కట్టారు. వెనక పెద్ద తెర మీద అంకె వెలిగింది. డెబ్బై ఆరు.

"చూడుడు!" అన్నారు డైరెక్టరుగారు మెల్లగా, పడుకున్న పాపాయి దగ్గర మాట్లాడినట్టు. "ఈ బాలిక హృదయం ప్రశాంత సరోవరం. మన అకాడమీ శాస్త్రీయ విధానాలకు సజీవ నిదర్శనం." శాలువా మడతలు విప్పారు.

అప్పుడే హాలు చివర ఇమ్మానుయేల్ మాస్టారి ఫోను మోగింది. ఆయన బయటికి వెళ్ళి, వెంటనే లోపలికి వచ్చాడు. నోటీసు సంగతి మరిచిపోయాడు.

"మైథిలీ! స్టేట్ టీములో ఉన్నావమ్మా! పేరు మొదట్లోనే ఉంది! నేషనల్స్‌కి వెళ్తున్నావు!"

చాపల మీద పిల్లలు లేచి కూర్చున్నారు. కామేశ్వర్రావు కుర్చీలోంచి సగం లేచి, లేవాలో కూర్చోవాలో తెలియక అలాగే ఆగి, "అయితే ఆడుకోవచ్చే!" అన్నాడు గట్టిగా.

మైథిలి రబ్బరుబ్యాండు ముట్టుకోలేదు. రెండు చేతులతో కుర్చీ పట్టుకుని నాన్న వైపు చూసింది, అమ్మ వైపు చూసింది. నవ్వబోయి, ఏడవబోయి, ఏదీ కుదరక నోరు తెరిచి అలాగే ఉండిపోయింది. ఆ పిల్ల వెనక తెర మీద అంకె వంద దాటింది. నూట ముప్పై. నూట యాభై. నూట అరవై దాటి, ఇంకా పైకి పోతోంది.

కమిషనరుగారు కళ్ళజోడు సర్దుకుని తెర చూశారు. ఉమామహేశ్వరంగారు కూడా చూశారు. సగం విప్పిన శాలువాను మళ్ళీ జాగ్రత్తగా, మడత మీద మడత పెట్టి, చంకలో పెట్టుకున్నారు.

"విచారించవలసిన విషయం," అన్నారు మైకు దగ్గరికి వంగి. "బాలిక ఫిట్‌నెస్ అకస్మాత్తుగా పడిపోయినది. సన్మానం తాత్కాలికంగా నిలుపుదల చేయడమైనది. తెర ఆపండి."

హైమావతి అప్పటికే చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, చాపల మధ్య నుంచి పిల్లలను దాటుకుంటూ వేదిక దగ్గరికి వచ్చేసింది. రెండో చేతిలో ఫోను ఉంది.

"డైరెక్టరుగారూ, ఆ తెర ఒక్క నిమిషం ఆపకండి," అంది. "ఫొటో తీసుకుంటాను."